వివియనైట్: వెలుగు సోకితే నీలమయ్యే ఖనిజం
పాఠకుల ప్రశ్నలు – జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో చాలావరకు ఒకే ఖనిజం చుట్టూ తిరిగాయి. అందుకే శీర్షిక మొత్తం వివియనైట్‌కే కేటాయించాం. ఒకే విషయాన్ని ఇద్దరు ముగ్గురు అడిగినచోట ప్రశ్నలను కలిపేశాం.

ప్రశ్న: ఆకుపచ్చ గాజులా మెరిసే వివియనైట్ స్ఫటికం కొని, కిటికీ పక్కనున్న అద్దాల బీరువాలో పెట్టాను. కొన్ని నెలల్లోనే ముదురు నీలానికి తిరిగి, ఆ తర్వాత దాదాపు నల్లబడింది. నిలువునా చీలికలు కూడా కనిపిస్తున్నాయి. నాకు అంటగట్టింది నకిలీదా?

జవాబు: కాదండీ. గాజుముక్కే అయితే ఇప్పటికీ ఆకుపచ్చగానే ఉండేది. మీది అసలైనది కాబట్టే నల్లబడింది. తప్పల్లా కిటికీది.

వివియనైట్ ఒక సజల ఐరన్ ఫాస్ఫేట్. మూడు ఇనుము పరమాణువులు, రెండు ఫాస్ఫేట్‌లు, ఎనిమిది నీటి అణువులు కలిసి దాని కూర్పు. బరువులో చూస్తే ఇనుము 33.4 శాతం, ఫాస్ఫరస్ 12.4 శాతం, నీరు 28.7 శాతం. అంటే చేతిలో ఉన్న రాయిలో పావు వంతుకు పైగా నీరే. ఆ నీరు పైపైన అంటుకున్న తడి కాదు, ఇనుము చుట్టూ పేరుకుని స్ఫటికపు కట్టడంలో భాగంగా ఉంటుంది. కథంతా అక్కడే మొదలవుతుంది.

తాజా స్ఫటికంలో ఇనుమంతా ఫెర్రస్ (రెండు ఎలక్ట్రాన్‌లు కోల్పోయిన) రూపంలోనే ఉంటుంది. ఆ దశలో రంగు దాదాపు ఉండదు, లేదా లేత ఆకుపచ్చ. వెలుగు పడినప్పుడు ఒక ఫెర్రస్ ఇనుము ఒక ఎలక్ట్రాన్‌ను కోల్పోయి ఫెర్రిక్ అవుతుంది. ఆవేశం లెక్క సరిపోవాలి కదా, దాన్ని అంటిపెట్టుకున్న నీటి అణువు ఒక హైడ్రోజన్‌ను వదిలేసి హైడ్రాక్సిల్‌గా మిగులుతుంది. ఇప్పుడు స్ఫటికంలో ఫెర్రస్, ఫెర్రిక్ పక్కపక్కన ఉన్న జంటలు ఏర్పడ్డాయి. ఈ రెంటి మధ్య ఎలక్ట్రాన్ గెంతాలంటే ఎరుపు, నారింజ వైపు కాంతిని మింగాలి. మింగగా మిగిలి మన కంటికి చేరేది నీలం. ఇలాంటి జంటలు కొద్దిగా ఉన్నా చాలు, స్ఫటికం సిరా రంగుకు తిరుగుతుంది.

మార్పు అక్కడితో ఆగదు. ఫెర్రిక్ వాటా పెరిగేకొద్దీ ఎనిమిది నీళ్లలో రెండు హైడ్రాక్సిల్‌గా మారి మెటావివియనైట్ అనే ఖనిజం వస్తుంది. మూడో ఇనుము కూడా మారితే ఐదు నీళ్లు, మూడు హైడ్రాక్సిల్‌లు మిగిలి, స్ఫటిక క్రమమే లేని గోధుమరంగు పదార్థం శాంటాబార్బరైట్ మిగులుతుంది. చాలా పాత నమూనాల్లో బయట ఆకారం వివియనైట్‌దే, లోపలి సరుకు మాత్రం ఇదే.

ఇక చీలికలు. వివియనైట్‌లో పొరల్ని ఒకదానితో ఒకటి పట్టి ఉంచేవి బలహీనమైన హైడ్రోజన్ బంధాలు. అందుకే ఒక దిశలో అభ్రకంలా పలచని రేకులుగా విడిపోతుంది. పలచని రేకు వంగుతుంది కూడా. హైడ్రోజన్‌లు పోయేకొద్దీ ఆ పట్టు మరింత సడలుతుంది. దీనికి తోడు అద్దాల బీరువాలో ఎండ పడితే లోపల వేడి పెరుగుతుంది. పగలు వేడి, రాత్రి చల్లదనం మారి మారి తగిలితే రేకులు విడవక ఏం చేస్తాయి?

ప్రశ్న: నల్లబడిన దాన్ని మళ్లీ ఆకుపచ్చగా మార్చే రసాయనం ఏదైనా ఉందా? ఆక్సాలిక్ ఆమ్లంలో నానబెడితే మరకలు పోతాయని విన్నాను.

జవాబు: లేదు. ఆక్సాలిక్ ఆమ్లం అసలే వద్దు. క్వార్ట్జ్ మీది తుప్పు మరకలకు అది మంచి మందే, ఎందుకంటే ఆమ్లం క్వార్ట్జ్‌ను తాకదు. వివియనైట్ ఆమ్లాల్లో తేలిగ్గా కరిగిపోయే ఖనిజం. మరకతో పాటు రాయీ పోతుంది. తుప్పు తీయడానికి వాడే సోడియం డైథయొనైట్ కూడా ఇక్కడ పనికిరాదు. వివియనైట్ రంగు పైపొర మరక కాదు, లోపలిదాకా పాకిన మార్పు. ద్రావణం చీలికల్లోకి దూరి రేకుల్ని విడదీస్తుంది, పైమెరుపు పోతుంది, లోపలి నలుపు అలాగే ఉంటుంది.

ప్రశ్న: మరి కొత్తగా కొన్న నమూనాను ఎలా దాచాలి? ఎల్ఈడీ దీపం కింద పెడితే ఫరవాలేదా?

జవాబు: ఎల్ఈడీ వేడి తక్కువ ఇస్తుంది, అంతవరకే మేలు. కాంతి మాత్రం కాంతే. నీలం, అతినీలలోహిత కిరణాలు ఎక్కువ హాని చేస్తాయి కాబట్టి ఎండ అన్నిటికన్నా చెడ్డది. తెల్లని ఎల్ఈడీ దాని తర్వాత. నమూనాను రోజంతా ప్రదర్శనలో ఉంచాలన్న ఆశ వదులుకోవడమే మంచిది. మూత తీసి చూపించి, మళ్లీ మూసే రాయి ఇది.

ఆమ్లరహిత టిష్యూ కాగితంలో వదులుగా చుట్టి, చిన్న జిప్ సంచిలో గాలి వీలైనంత తీసేసి, వెలుగు చొరని డబ్బాలో పెట్టండి. దూది వాడొద్దు. దాని పోగులు రేకుల అంచులకు చిక్కుకుని, లాగినప్పుడు రేకు లేచి వస్తుంది. డబ్బా అడుగున నమూనాను నిలబెట్టే జిగురు ముద్ద తల్లిరాతికి (స్ఫటికం అంటిపెట్టుకున్న రాతికి) మాత్రమే తగలాలి, స్ఫటికానికి కాదు. సిలికాజెల్ పొట్లాలు కుక్కడం కూడా అనవసరం. ఇది నీటిని తనలో ఇముడ్చుకున్న ఖనిజం, దాన్ని ఎండగట్టి మీరు సాధించేదేమీ లేదు. 100 డిగ్రీల సెల్సియస్ చుట్టుపక్కలే స్ఫటిక జలం పోవడం మొదలవుతుంది కాబట్టి ఓవెన్, హెయిర్ డ్రయర్, వేడి బల్బు ఏవీ దగ్గరకు రానివ్వకండి.

శుభ్రం చేయాలంటే మెత్తని కుంచె, చల్లని డిస్టిల్డ్ వాటర్ చాలు. అల్ట్రాసోనిక్ యంత్రంలో పెడితే పుస్తకంలోంచి కాగితాలు ఊడినట్టు ఊడిపోతుంది. బంకమట్టిలో దొరికిన స్ఫటికమైతే మట్టి తడిగా ఉండగానే పుల్లతో మెల్లగా తీసి, చీకట్లో మూతపెట్టిన డబ్బాలో నిదానంగా ఆరనివ్వాలి. తొందరపడి ఫ్యాను కింద పెట్టిన స్ఫటికాలే ఎక్కువగా చీలుతాయి.

చాలామంది పట్టించుకోని సంగతి ఒకటుంది. ఖనిజ గనుల్లోంచి వచ్చిన నమూనాల్లో వివియనైట్ తరచు పైరైట్ (ఇనుము, గంధకం కలిసిన ఖనిజం) మీద కూర్చుని ఉంటుంది. తేమ తగిలి పైరైట్ పాడైతే గంధకామ్లం పుడుతుంది. దానికి వివియనైట్ తట్టుకోలేదు. తల్లిరాయి మీద తెల్లటి లేదా పసుపు బూజు లాంటి పొడి, గంధకపు వాసన కనబడితే ఆ నమూనాను మిగతావాటి నుంచి వెంటనే వేరుచేయండి. సిలికాజెల్‌కు పనిపడేది ఈ ఒక్క సందర్భంలోనే. అప్పుడు పైరైట్‌ను కాపాడటమే ముందు.

ఇంకో మాట. ఎంత దాచినా మార్పు నెమ్మదిస్తుందే గాని పూర్తిగా ఆగదు. వచ్చిన రోజే ఫొటో తీసి పెట్టుకోండి. రాయిని తిప్పి రెండు మూడు దిశల నుంచి తీయండి, ఎందుకంటే కొంచెం నీలమెక్కిన వివియనైట్ ఒక దిశలో చూస్తే ముదురు నీలంగా, మరో దిశలో లేత పసుపు కలిసిన ఆకుపచ్చగా కనిపిస్తుంది. తర్వాత పోల్చుకోవాలంటే ఒకే కోణం, ఒకే వెలుగు ఉండాలి.

ప్రశ్న: చెరువు పూడిక తీస్తుంటే నల్లని బురదలో సుద్దముక్కల్లాంటి తెల్లని ఉండలు కనిపించాయి. బయట పడేసిన కాసేపటికే నీలంగా మారాయి. ఎవరో మైలుతుత్తం పోశారేమోనని భయంగా ఉంది. చేపలకు ప్రమాదమా?

జవాబు: మైలుతుత్తం నీటిలో కరుగుతుంది. బురదలో తెల్లని ఉండగా పడి ఉండదు, గాలి తగిలాక నీలానికి తిరగదు. మీరు చెప్పిన లక్షణాలు మట్టిరూప వివియనైట్‌కు అచ్చంగా సరిపోతాయి. గట్టి స్ఫటికంలో నెలలు పట్టే మార్పు మెత్తని పొడిలో నిమిషాల్లో కనిపిస్తుంది, గాలీ వెలుగూ తగిలే ఉపరితలం అంత ఎక్కువ.

అయినా అనుమానం తీర్చుకోండి. చిటికెడు నీలం పొడిని గాజు గ్లాసులో వేసి 10 మి.లీ. పలచని (డైల్యూట్) హైడ్రోక్లోరిక్ ఆమ్లం పోయండి. చేతికి గ్లవ్స్, కళ్లకు అద్దాలు ఉండాలి. వివియనైట్ అయితే బుడగలు లేకుండా కరుగుతుంది. అందులో గరుకు కాగితంతో రుద్దిన ఇనుప మేకు ముంచి పావుగంట చూడండి. రాగి ఉంటే మేకు మీద ఎర్రటి రాగి పూత పడుతుంది. లేకుంటే మేకు చుట్టూ చిన్న బుడగలు తప్ప ఏమీ రాదు. ఉండతో పాటు గవ్వల పెంకుల ముక్కలు వస్తే ఆమ్లం పోయగానే బుడగలు వస్తాయి, వాటిని చూసి పొరపడకండి. ప్రయోగశాల అందుబాటులో ఉంటే నత్రికామ్లంలో కరిగించి, అమ్మోనియం మాలిబ్డేట్ కలిపి కొద్దిగా వెచ్చచేస్తే పసుపు అవక్షేపం వస్తుంది. అది ఫాస్ఫేట్‌కు గుర్తు.

ఇది ఎలా పుడుతుందంటే, ఆకులు, చేపలు, పశువుల ఎముకలు కుళ్లినప్పుడు ఫాస్ఫేట్ విడుదలవుతుంది. గాలి చొరని బురదలో బాక్టీరియా మట్టిలోని తుప్పును ఫెర్రస్ ఇనుముగా మార్చి నీటిలో కరిగేలా చేస్తుంది. ఈ రెండూ పీహెచ్ 6 నుంచి 9 మధ్య కలిస్తే వివియనైట్‌గా పేరుకుంటాయి. ముఖ్యంగా అడ్డుపడేది హైడ్రోజన్ సల్ఫైడ్. అది ఎక్కువగా ఉంటే ఇనుమును ముందే లాక్కుని నల్లని ఐరన్ సల్ఫైడ్‌గా మార్చేస్తుంది. సముద్రపు నీటిలో సల్ఫేట్ అధికం కాబట్టి అక్కడి పైబురదలో వివియనైట్ అరుదు. లోతుకు వెళ్లి సల్ఫేట్ అయిపోయిన పొరల్లోనే కనిపిస్తుంది. మంచినీటి చెరువుల్లో, సరస్సుల్లో, పీట్ (సగం కుళ్లిన మొక్కల) నేలల్లో దానికి ఈ బెడద తక్కువ.

చేపల సంగతి: వివియనైట్ వల్ల హాని లేదు. పైగా అది ఫాస్ఫరస్‌ను బురదలోనే బంధించి, నీటిలో నాచు పెరగకుండా కొంత ఆపుతుంది.

ప్రశ్న: ఎముకల మీద కూడా ఈ నీలం వస్తుందంటారు. నిజమేనా?

జవాబు: నిజమే. ఎముకలో ఫాస్ఫేట్ ఉంది, తడినేలలో ఇనుము ఉంది, గాలి లేదు. ఇంకేం కావాలి! 1991లో ఆల్ప్స్ పర్వతాల్లో బయటపడిన అయిదు వేల ఏళ్ల నాటి మంచుమనిషి ఓట్జీ చర్మం మీద కూడా వివియనైట్ కనుగొన్నారు. తవ్వకాల్లో నీలం మచ్చల ఎముక దొరికితే దాన్ని కడిగేయకండి. అక్కడ తేమ, ఇనుము, గాలిలేమి కలిసి ఉన్నాయని ఆ మచ్చ చెబుతోంది. అయితే ఎన్నేళ్ల నాటిదో చెప్పదు.

ప్రశ్న: అమ్మేవాళ్లు ఆకుపచ్చ రాయి ఏది చూపించినా వివియనైట్ అంటున్నారు. పగలగొట్టకుండా గుర్తుపట్టేదెలా?

జవాబు: ముందు సాంద్రత చూడండి. రాయి విడిగా ఉండి, సున్నా పాయింట్ ఒకటి గ్రాము చూపే త్రాసు ఉంటే రెండు నిమిషాల పని. ఉదాహరణకు గాలిలో 13.4 గ్రాములు తూగింది, దారంతో వేలాడదీసి నీళ్లలో ముంచితే 8.4 గ్రాములు వచ్చింది. తేడా 5.0. 13.4ను 5.0తో భాగిస్తే 2.68. వివియనైట్‌ది సుమారుగా ఇదే. జిప్సం 2.3 దగ్గర, ఫ్లోరైట్ 3.18 దగ్గర ఆగుతాయి. రాయికి గాలిబుడగలు అంటుకుంటే విలువ తక్కువ వస్తుంది, ముంచేముందు కుంచెతో తడపండి.

తర్వాత కాఠిన్యం. వివియనైట్‌ది 1.5 నుంచి 2. కనిపించని మూలలో గోరుతో గీస్తే గీత పడాలి. గాజు మీద, ఫ్లోరైట్ మీద గోరు జారిపోతుంది. తికమక పెట్టేది లడ్లమైట్. అదీ సజల ఐరన్ ఫాస్ఫేటే, కాకపోతే ఎనిమిదికి బదులు నాలుగు నీళ్లే. అదే గనుల్లో, అదే ఆకుపచ్చలో, ఒక్కోసారి వివియనైట్ పక్కనే దొరుకుతుంది. దాని కాఠిన్యం 3.5, సాంద్రత 3.1కి పైన. వెలుగులో నీలం కాదు కూడా.

ఇప్పటికే నీలమైన రాయిని అజురైట్ అని అమ్మజూపితే ఒక చుక్క ఆమ్లం చాలు. అజురైట్ కార్బొనేట్, బుసబుస పొంగుతుంది. బరువు కూడా ఎక్కువ, సాంద్రత 3.77. రాయి ఇంకా నీలం కాకపోతే అన్నిటికన్నా తేలికైన గుర్తు తెల్లని పింగాణీ పలక మీద గీయడం. తాజా వివియనైట్ గీత తెల్లగా పడి, చూస్తూండగా నీలానికి తిరుగుతుంది. ఈ ఒక్క దృశ్యం చూస్తే మిగతా పరీక్షలు అక్కర్లేదు.

విరిగి అతికించిన స్ఫటికాలు సంతలో చాలా ఉంటాయి. అతినీలలోహిత టార్చ్ వేస్తే వివియనైట్ వెలగదు, చాలా రకాల జిగురు మాత్రం నీలితెలుపుగా మెరుస్తుంది. రెండు సెకన్లు చూసి ఆపేయండి, ఆ కిరణాలు రాయికి మంచివి కావు.

ప్రశ్న: దీన్ని ఉంగరంలో పొదిగించుకోవచ్చా?

జవాబు: వద్దు. గోరుకు గీత పడే రాయి, రేకులుగా ఊడే రాయి, ఎండకు నల్లబడే రాయి.

ప్రశ్న: పెద్ద స్ఫటికాలు ఎక్కడ దొరికాయి? పేరు ఎవరిది?

జవాబు: పేరు ఇంగ్లండ్‌లోని కార్న్‌వాల్‌లో ఈ ఖనిజాన్ని సేకరించిన గనుల యజమాని, ఖనిజవేత్త జాన్ హెన్రీ వివియన్‌ది. 1817లో జర్మన్ భూవిజ్ఞాని అబ్రహామ్ గాట్‌లోబ్ వెర్నర్ పెట్టాడు.

పరిమాణంలో కామెరూన్‌లోని అన్లూవా పేరే ముందు చెప్పాలి. అక్కడి బంకమట్టి పొరల్లో మీటరు పొడవు స్ఫటికాలు బయటపడ్డాయి. రాయి పగలగొట్టే పనిలేదు, మట్టిలోంచి విరగకుండా తీయడమే కష్టం. అందానికి మాత్రం బొలీవియా తగరపు గనులే. హువానూని, ల్యాల్యాగువా, మొరొకొకాలా స్ఫటికాలు పారదర్శకమైన ఆకుపచ్చలో, పదునైన అంచులతో ఉంటాయి. అక్కడ ఇది ధాతునాళాల్లో (ఖనిజాలు నిండిన రాతి పగుళ్లలో) అన్నీ స్ఫటికీకరించాక చివరగా వచ్చే ఖనిజం. కొసోవోలోని ట్రెప్చా గని, కార్న్‌వాల్‌లోని వీల్ జేన్ గని కూడా పేరున్నవే. క్రిమియాలోని కెర్చ్ దగ్గర ఇనుప ఖనిజ నిక్షేపాల్లో శిలాజ గవ్వల బోలులో నీలినల్లని స్ఫటికాలు పూవులా విచ్చుకుని ఉంటాయి. అమెరికాలో న్యూజెర్సీలోని మలికా హిల్‌లో బెలెమ్నైట్ (ప్రాచీన సముద్రజీవి) శిలాజాల ఆకారాన్నే వివియనైట్ నింపేసింది. పెద్ద పలుకుల పెగ్మటైట్ శిలల్లో ట్రైఫిలైట్ లాంటి ఫాస్ఫేట్‌లు చెదిరినచోటా వస్తుంది, కాని సేకరణకు తగినవి అక్కడ తక్కువ.

ప్రశ్న: కళాశాల ప్రయోగశాలలో విద్యార్థులకు దీన్ని తయారుచేసి చూపించవచ్చా? ఒకసారి ప్రయత్నిస్తే మొదటే బురద రంగు వచ్చింది.

జవాబు: చూపించవచ్చు. మీ ప్రయోగాన్ని పాడుచేసింది నీటిలో కరిగి ఉన్న ఆక్సిజన్, లేదా పాతబడిన అన్నభేది. ఈ కొలతలు వాడండి.

300 మి.లీ. డిస్టిల్డ్ వాటర్‌ను పది నిమిషాలు మరిగించి, సీసా నిండా పోసి బిరడా పెట్టి చల్లార్చండి. అన్నభేది, అంటే స్ఫటిక ఫెర్రస్ సల్ఫేట్, 8.34 గ్రాములు తూచండి. లేత ఆకుపచ్చగా ఉండాలి, గోధుమరంగు పొర పట్టిన పలుకులు ఏరిపారేయండి. దాన్ని 100 మి.లీ. మరిగించిన నీటిలో కరిగించండి. మరో 100 మి.లీ.లో నిర్జల డైసోడియం ఫాస్ఫేట్ 2.84 గ్రాములు, స్ఫటిక సోడియం ఎసిటేట్ 2.72 గ్రాములు కలపండి. ఎసిటేట్ ఎందుకంటే, చర్యలో పుట్టే ఆమ్లాన్ని అది పట్టి ఉంచుతుంది. అది లేకపోతే ద్రావణం పులిసి అవక్షేపం సగంలోనే ఆగిపోతుంది. ఇప్పుడు రెండో ద్రావణాన్ని మొదటిదానిలో సన్నగా పోస్తూ మెల్లగా కలపండి. నురగ వచ్చేలా తిప్పితే గాలిని మీరే లోపలికి పంపినట్టు. తెలుపు లేదా లేతనీలి తెలుపు అవక్షేపం దిగుతుంది. లెక్కప్రకారం గరిష్ఠంగా 5.02 గ్రాములు రావాలి. కొంత కరిగి ఉంటుంది, కొంత వడపోతలో పోతుంది కాబట్టి తక్కువే వస్తుంది.

మిగిలిన మరిగించిన నీటితో రెండుసార్లు కడిగి, వడకట్టి, సగం గాజుపలక మీద పరిచి వెలుగులో పెట్టండి. మిగతా సగాన్ని తడిగానే నల్లకాగితం చుట్టిన చిన్న సీసాలో, నీరు అంచుదాకా నింపి మూసేయండి. తరగతి అయ్యేలోగా రెండింటినీ పక్కపక్కన పెట్టి చూపించవచ్చు.

సోడియం ఎసిటేట్‌కు బదులు కాస్టిక్ సోడా వేసి తొందరపడితే ఆకుపచ్చని ఫెర్రస్ హైడ్రాక్సైడ్ కూడా దిగి, గాలి తగలగానే తుప్పురంగుకు తిరుగుతుంది. మీకు వచ్చిన బురద రంగుకు ఇదీ కారణం కావచ్చు. కంటికి కనిపించే స్ఫటికాలు ఈ పద్ధతిలో రావు, పొడే వస్తుంది.

ప్రశ్న: ఇంత త్వరగా మారే దాన్ని చిత్రకారులు రంగుగా ఎలా వాడారు?

జవాబు: నీలం అయ్యాకే వాడారు. మట్టిరూపంలో దొరికిన నీలిపొడిని నూరి నూనెలో కలిపితే నూనె గాలిని చాలావరకు అడ్డుకుంటుంది. 1656లో డచ్ చిత్రకారుడు వెర్మీర్ గీసిన, ఇప్పుడు డ్రెస్డెన్‌లో ఉన్న చిత్రంలో తివాచీ భాగంలో వివియనైట్‌ను గుర్తించారు. వేడి, బలమైన క్షారం తగిలితే మాత్రం ఈ నీలం నిలవదు. పచ్చి సున్నపు గోడ మీద అందుకే పనికిరాదు.

ప్రశ్న: మురుగునీటి శుద్ధి కేంద్రంలో పనిచేస్తాను. బురదను వేడిచేసే గొట్టాల్లో నీలినలుపు పెచ్చు కడుతోంది. ఇదివరకు పంపుల్లో తెల్లని పెచ్చు వచ్చేది. రెండూ ఒకటేనా?

జవాబు: రెండూ సజల ఫాస్ఫేట్‌లే, ఒకటి కాదు. తెల్లనిది దాదాపుగా స్ట్రూవైట్ అయి ఉంటుంది. మెగ్నీషియం, అమ్మోనియం, ఫాస్ఫేట్, ఆరు నీళ్లు దాని కూర్పు. కార్బన్ డైఆక్సైడ్ బయటికి పోయి పీహెచ్ పెరిగేచోట, అంటే పంపుల్లో, గొట్టాల మలుపుల్లో అది పేరుకుంటుంది. నీలినల్లనిది వివియనైట్. ఫాస్ఫేట్ తగ్గించడానికి మీ కేంద్రంలో ఇనుపలవణాలు కలపడం మొదలుపెట్టి ఉంటారు. ఆ ఇనుము గాలిలేని డైజెస్టర్‌లో (బురదను కుళ్లబెట్టే తొట్టిలో) ఫెర్రస్‌గా మారి, ఫాస్ఫేట్‌తో జతకట్టి వివియనైట్ అవుతుంది.

నిర్ధారణకు పెచ్చును లోపలివైపు విరిచి చూడండి. తాజా విరుపు లేతగా ఉండి గాలిలో నీలమైతే సందేహం లేదు. నల్లగానే ఉండి, ఆమ్లం చుక్క వేస్తే కుళ్లిన గుడ్డు వాసన వస్తే ఐరన్ సల్ఫైడ్ కలిసి ఉందన్నమాట. ఆ వాయువు (హైడ్రోజన్ సల్ఫైడ్) విషం, కాబట్టి ఈ పరీక్ష ఆరుబయటే చేయాలి. తొలగించడానికి సిట్రిక్ ఆమ్లం పనికొస్తుంది, కాని గొట్టం లోహానికి అది సరిపడుతుందో ముందు చూసుకోవాలి. ఆమ్లం తిప్పేటప్పుడు కూడా సల్ఫైడ్ వాయువు పుడుతుంది, గాలి వెళ్లే దారి తెరిచి ఉంచండి.

డైజెస్టర్ లోపల వివియనైట్ ఏర్పడటం నిజానికి లాభమే. అందులో ఫాస్ఫరస్ 12 శాతం పైన ఉంది, స్ట్రూవైట్‌లో ఉన్నంత దాదాపు. పైగా ఇది పారామాగ్నెటిక్. చేతి అయస్కాంతానికి అంటదు గాని, బలమైన అయస్కాంత విభాజకంతో బురదలోంచి వేరుచేయవచ్చు. నెదర్లాండ్స్‌లో ఈ పద్ధతిని ప్రయోగాత్మక స్థాయిలో నడిపారు. వేరుచేసిన దాన్ని పొటాషియం హైడ్రాక్సైడ్‌తో కలిపితే ఫాస్ఫేట్ ద్రావణంలోకి వచ్చేస్తుంది, ఇనుము ఘనరూపంలో మిగులుతుంది. మీ గొట్టాల సమస్యకు మాత్రం ముందుగా ఇనుపలవణం మోతాదును, దాన్ని కలిపే చోటును సరిచూడండి. హీటర్‌కు దగ్గరగా కలుపుతుంటే ఆ బిందువును వెనక్కి, బురద బాగా కలిసేచోటికి మార్చండి.